అత్తమ్మ గురక పెట్టిన పేజీ

“నూట పన్నెండో పేజీ దాకా చదివానమ్మా. చాయ్ తాగుదామని లేచాను. మళ్లీ మీ నవల దగ్గరికి రావాలనిపించలేదు.”

పుస్తకాలు వేసే ఎడిటర్ గారు ఫోన్‌లో ఈ మాట అన్నప్పుడు నేను మల్లాపూర్‌లో మా ఫ్యాక్టరీ గేటు బయట ఉన్నాను. మాది సీసా మూతలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ. నాది క్వాలిటీ చెకింగ్. రోజంతా మూత బిగించడం, తిప్పడం, బాగాలేనిది పక్కన పడేయడం. ఆ మూతలు తిప్పుతూ తిప్పుతూ మూడేళ్లు తలలో అల్లుకుని రాసుకున్న నవల అది. పోయి పోయి ఒక చాయ్ చేతిలో ఓడిపోయింది!

“రాత బాగుందమ్మా,” అన్నారాయన ఓదార్పుగా. “మలుపులే లేవు. ఉన్నవన్నీ తీసుకెళ్లి చివరి పది పేజీల్లో దాచారు. అక్కడిదాకా వచ్చేవాళ్లెవరు? వర్షాలు తగ్గేలోపు తిరగరాసి పంపండి. ఇంకొక్కసారి చదువుతాను. ఒక్కసారే.”

సరేనండి అని ఫోన్ పెట్టేశాను గానీ ఒళ్లు మండిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. మల్లాపూర్ నుంచి నాచారం దాకా షేర్ ఆటోలో కూర్చుని లోపల్లోపలే ఆయన్ని తిట్టుకున్నాను. మా సందు దగ్గర దిగేసరికి తిట్లు అయిపోయాయి, భయం మిగిలింది. ఒక్కసారే అన్నాడు. ఈసారి కూడా చాయ్‌కి లేచాడంటే నా మూడేళ్లూ అటకెక్కినట్టే.

నవల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఒక పిల్ల. ఆమె అన్న నారపల్లి అవతల కొత్తగా లేస్తున్న ఒక ఇళ్ల వెంచర్‌లో వాచ్‌మన్. ఉన్నట్టుండి ఫోన్ ఎత్తడం మానేశాడు. పిల్ల వెతుక్కుంటూ వచ్చి, చెల్లెలినని చెప్పకుండా అదే వెంచర్ ఆఫీసులో పనికి కుదురుతుంది. అక్కడి సూపర్‌వైజర్ ఆమెను సొంత బిడ్డలా చూసుకుంటాడు. ఆయన చేతికి ఉన్న వాచీ ఆమె అన్నది. పిల్ల ఆయన్ని దుర్మార్గుడనుకుంటుంది గానీ, చూడకూడనిదేదో చూసిన ఆ అన్నను ప్రాణాలతో దాచి కాపాడుతున్నది ఆయనే. కథంతా ఆ పిల్ల “నేను” అంటూ తన నోటితోనే చెబుతుంది. మొదటిసారి రాసినప్పుడు ఆ వాచీని చివరి పది పేజీల దాకా ఎవరి కంటా పడనివ్వలేదు నేను. అదేదో గొప్ప తెలివి అనుకున్నాను.

అదే వారం అత్తమ్మకు కంటి పొర ఆపరేషన్ అయింది. నెలరోజులు టీవీ చూడొద్దు, తల వంచొద్దు అన్నారు. రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చాక సాయంత్రం చుక్కలు వేసి, కాసేపు బైబిల్ వాక్యం చదివి వినిపించాలి. అత్తమ్మకు చదువు రాదు. విన్నది మాత్రం ఒక్క ముక్క మరిచిపోదు. ఎవరు ఎప్పుడు ఏ మాట అన్నారో, అప్పుడు వాళ్లు ఏ చీర కట్టుకున్నారో కూడా చెబుతుంది.

ఒక సాయంత్రం వాక్యం అయ్యాక నేను నా కాగితాలు ముందేసుకుని గొణుక్కుంటున్నాను. అత్తమ్మ మంచం మీంచి అంది, “ఏందే గది? జర గట్టిగ సదువు, నాకు గూడ ఇనవడాలె గద.”

నిజం చెప్పి ఉండాల్సింది. కానీ మొదటిసారి నవల పూర్తిచేసినప్పుడు మా ఆయన నన్ను “రైటరమ్మా” అని వారం రోజులు ఏడిపించాడు. ఆయన క్యాబ్ నడుపుతాడు, నోరు కూడా బాగానే నడుస్తుంది. అత్తమ్మ అయితే నవ్వలేదు. “లేనిది ఉన్నట్టు రాసుడెందుకే? ఉన్నది చెప్పనీకే ఈ జన్మ సరిపోతలేదు,” అంది. ఆ మాట నాకు గుచ్చుకుని ఉంది. అందుకే గభాల్న నోటికొచ్చింది అనేశాను.

“మా ఫ్యాక్టరీల ఒకామె చుట్టాల పిల్ల, అత్తమ్మా. తన కష్టం రాసి పంపుతున్నది, తప్పులు దిద్దుమని.”

“అట్లనా! పాపం. సదువు, సదువు.”

నాకు లోపల ఒకటే సంబరం. చదువు లేని, మొహమాటం లేని, కోడలు రాసిందని తెలియని శ్రోత! ఎడిటర్ గారు చాయ్‌కి లేస్తారో లేదో ఈమెను చూసి ముందే తెలుసుకోవచ్చు. ఇది నవల అని తెలిసిన మర్నాటి నుంచి వినదు. కాబట్టి ఆఖరి పేజీ దాకా తెలియకూడదు. నా పుస్తకం ప్రాణం ఆమె చెవుల్లో ఉందని ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను.

మూడు అధ్యాయాలు ముచ్చటగా విన్నది. నాలుగో దాంట్లో, వానలో తడిసిన వెంచర్ బోర్డును నేను పేజీన్నర వర్ణించిన చోట, గురక. ఆ పేజీన్నర కోసం నేను నిజంగా వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నాను! పెన్సిల్ తీసి గురక మొదలైన లైను కింద గీత గీశాను. మర్నాడు ఇంకో గీత. వారం తిరిగేసరికి తొమ్మిది గీతలు. కోపం తగ్గాక ఆ తొమ్మిదింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. తొమ్మిది చోట్లా నా పిల్ల ఏమీ చేయడం లేదు. చూస్తోంది, అనుకుంటోంది, కిటికీ దగ్గర నిలబడుతోంది. పుస్తకం మొత్తంలో పదకొండుసార్లు కిటికీ దగ్గర నిలబెట్టాను దాన్ని! గురక పెట్టక ఏం చేస్తుంది మా అత్తమ్మ?

ఏం చేయాలో మాత్రం తెలియలేదు. అది కూడా ఆమె దగ్గరే దొరికింది. పక్కింటామె కన్ను ఎట్లా ఉందో చూసిపోదామని వచ్చింది. అత్తమ్మ మాటల్లో పడి, దేవుడు తనకు చేసిన మేలు చెప్పే సాక్ష్యం మొదలుపెట్టింది. మా మామ పడుచుతనంలో మోటరు బాగుచేయడానికి బావిలోకి దిగిన సంగతి. చర్చిలో, పెళ్లిళ్లలో, ఎక్కడ పడితే అక్కడ ఒక ఇరవైసార్లు విని ఉంటాను.

“నిచ్చెనకు ఆరో మెట్టు పుచ్చిపోయున్నది,” అంది అత్తమ్మ. “గది నాకు తెలుసు. ఆయనకు తెల్వదు. నేను ఇంట్ల రొట్టెలు చేస్తున్న. ఆయన అప్పటికే బావి కాడికి పోయిండు.”

పక్కింటామె చాయ్ గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి అక్కడే ఆపేసింది. అత్తమ్మ తొందరపడలేదు. చెప్పులు ఒక్కటి కనబడలేదంది. దారిలో ఒకామె పలకరిస్తే జవాబు చెప్పలేదంది. అటు ఆయన మొదటి మెట్టు, రెండో మెట్టు. మామ బతికాడని నాకు తెలుసు, ఆ తర్వాత ముప్పై ఏళ్లు మా ఇంట్లో అన్నం తిన్నాడు. అయినా నా కాలివేళ్లు ముడుచుకుపోయాయి!

ఓరి దేవుడా అనుకున్నాను. ఈమె ఏదీ దాచడం లేదు! పుచ్చిన మెట్టు సంగతి మొట్టమొదటే చెప్పేసింది. మనకు తెలుసు, దిగేవాడికి తెలియదు. అందుకే కదా ఊపిరి ఆగింది! నేనేమో వాచీని బీరువాలో పెట్టి తాళం వేసుకుని, పాఠకుడు ఎందుకు భయపడడం లేదా అని ఏడుస్తున్నాను. ఆ రాత నాది, ఆ బుర్ర నాది, సిగ్గేసింది. సిగ్గు కంటే సంతోషం ఎక్కువైంది.

మర్నాడు ఫ్యాక్టరీలో భోజనం గంటలో డబ్బా కూడా విప్పలేదు. వాచీని చివరి నుంచి పీకి నాలుగో అధ్యాయంలోకి తెచ్చాను, సరిగ్గా మొదటి గురక దగ్గరికి. వెంచర్ బోర్డు మీద వాన కొట్టేశాను. సాయంత్రం చుక్కలు వేయగానే, నువ్వు మొదట నిద్రపోయిన కాడి నుంచి మళ్లీ చదువుతానని చెప్పి మొదలుపెట్టాను.

“ఆయన తన టిఫిన్ డబ్బా నా ముందుకు జరిపాడు. ఆ చేతికి ఉన్నది మా అన్న వాచీ. ఆ రోజు నేను చూడలేదు. రెండు రోజులుగా ఆకలి మీద ఉన్నాను, అన్నం వైపే చూశాను.”

అత్తమ్మ చటుక్కున లేచి కూర్చుంది. వేసిన చుక్క చెంప మీదికి కారిపోయింది.

“ఓసి పిచ్చిదానా, తినకే! ఆయన చేతి అన్నం తినకే!” అని నా మీద అరిచింది, ఆ పిల్లను నేనే అన్నట్టు. “సూడు, సూడు, చెయ్యి సూడు ఒక్కసారి!”

నాకు గంతులేయాలనిపించింది. నిజంగానే వేశాను, నీళ్లు తాగొస్తానని వంటింట్లోకి వెళ్లి. ఆ సాయంత్రం గీత లేదు. మర్నాడూ లేదు. ఆ పిల్ల ఆయనకు చాయ్ పోస్తుంటే అత్తమ్మ పళ్లు కొరికేది. ఆయన “తల్లీ” అని పిలిస్తే “థూ” అనేది. పిల్ల కొత్తగా ఏ పనీ చేయకపోయినా, అదే చాయ్, అదే ఆఫీసు, ఇప్పుడు ప్రతి గ్లాసూ భయంగా ఉంది!

నాలుగు రోజుల తర్వాత, పిల్ల ఆ వాచీని గుర్తుపట్టిన చోట, మళ్లీ చిక్కు వచ్చింది. అత్తమ్మ నిద్రపోలేదు గానీ విసుక్కుంది.

“గట్ల భయమైతే ఊరికి పోవచ్చు గద? పోలీసోళ్లకు చెప్పొచ్చు గద? ఎందుకు కూసున్నదే ఆడ?”

నా నవలలో పిల్ల అక్కడ ఎందుకు ఉందంటే, నేను ఉంచాను కాబట్టి. వాచీ చూసిన మర్నాడే బస్సెక్కి ఊరికి పోవచ్చు, ఎవరూ ఆపడం లేదు. మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మూతలు తిప్పుతుంటే తట్టింది. వెనక తలుపు మూసేయాలి. అది కూడా ఆ పిల్ల చేతనే మూయించాలి.

అప్పుడు రాసిందే నవల నడిమధ్య మలుపు. పోలీసాయన వెంచర్‌కు వచ్చి అన్న ఫొటో చూపిస్తాడు. ఈయన తెలుసా అని పిల్లను అడుగుతాడు. పక్కనే సూపర్‌వైజర్ నిలబడి ఉన్నాడు. తెలుసు అంటే తాను చెల్లెలినని బయటపడి, అన్న జాడ తెలిసిన ఆ ఒక్క మనిషీ చేజారిపోతాడు. పిల్ల ఆ ఫొటోను బాగా చూసి, “తెలియదు సార్, ఎప్పుడూ చూడలేదు,” అంటుంది. కాగితం మీద సంతకం కూడా పెడుతుంది.

చదివి తలెత్తాను. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“కాదన్నదా? తోడబుట్టినోన్నే కాదన్నదా? అయ్యో నా తల్లీ!” అని కాసేపు ఊగింది. తర్వాత తనే అంది, “ఇగ పోలీసోళ్ల కాడికి ఎట్ల పోతది? అబద్ధమాడినవని లోపలేస్తరు. ఊరికి ఏ మొఖం పెట్టుకొని పోతది? ఇగ పోలేదు.”

ఇంక పోలేదు! ఆ ఒక్క మాట కోసం మూడు రోజులు చచ్చాను. నవలలో పెద్ద మలుపులు మూడో నాలుగో ఉంటే చాలని, ఒక్కోదాని దగ్గర మనిషి తన చేతులారా చేసింది ఏదో ఉండాలని, అది చేశాక నిన్నటిలా బతకడం కుదరకూడదని నాకు అప్పుడు అర్థమైంది. ఎవరో వచ్చి కొట్టడం, వాన రావడం, లారీ గుద్దడం, ఇవి ఎన్ని పెట్టినా అత్తమ్మ “అయ్యో” అని ఊరుకునేది. పిల్ల తానుగా తప్పుదారి పట్టినప్పుడే ఆమెకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే వచ్చి, “ఆ పిల్లను ఇంటికి పిలువు. ఇక్కడ పండుకుంటది,” అంది.

“ఆమెను బయటికి రానిస్తలేరత్తమ్మా. కాగితాలు ఎట్లనో పంపుతున్నది,” అన్నాను. ఒక అబద్ధం చెప్పినదాన్ని, దానికి కాపలాగా రోజుకొకటి చెప్పాల్సి వచ్చింది.

మా ఫ్యాక్టరీకి శుక్రవారం సెలవు. ఉప్పల్‌లో మా చర్చిలో ఆడవాళ్లకు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన ఉంటుంది. అత్తమ్మను మా ఆయన క్యాబ్‌లో దింపి వస్తాడు, నేను ఇంట్లో రాసుకుంటాను. ఆ శుక్రవారం ఆయనకు పొద్దున్నే కిరాయి తగిలింది. ఆపరేషన్ కన్నుతో ఒంటరిగా పంపలేక నేనే తీసుకుపోయాను.

ఒక ముప్పై మంది ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. పాటలయ్యాక ప్రార్థన మనవులు. ఒకామె కొడుకు ఉద్యోగం, ఒకామె మోకాళ్లు. తర్వాత ప్రార్థన నడిపించే ఆమె లేచి, “పోయిన వారం మన పెద్దక్క చెప్పిన మనవి మరువకుండ్రి. నారపల్లి కాడ వెంచర్‌ల చిక్కిన పిల్ల. అన్న కోసం ఎతుకుతున్న పిల్ల,” అంది.

అత్తమ్మ వైపు తిరిగాను. నల్ల కళ్లద్దాల వెనక కళ్లు మూసుకుని ఉంది.

ముప్పై గొంతులు ఒక్కసారి లేచాయి. మా దగ్గర అంతే, అందరూ ఒకేసారి, ఎవరి మాటల్లో వాళ్లు, ఏడుస్తూ. “ప్రభువా, ఆ పిల్లను ఆయన ఇంటికి బువ్వకు పోనియ్యకు!” “తండ్రీ, ఆ గది గడియ తియ్యకుండ ఆమె చెయ్యి పట్టుకో!” ముందు రోజు సాయంత్రమే చదివాను అది. సూపర్‌వైజర్ ఆదివారం తన ఇంటికి భోజనానికి రమ్మంటాడు, ఆ ఇంట్లో బయట గడియ పెట్టిన గది ఒకటి ఉంటుందని పిల్ల వింటుంది. అత్తమ్మ పొద్దున్నే ఫోన్ చేసి వీళ్లందరికీ చెప్పేసినట్టుంది! నా వెనక ఒకామె వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఇంకొకామె ప్రార్థన మధ్యలోనే, మా మరిది పోలీసుల్లో ఉన్నాడు, చెప్పమంటారా అంటోంది.

ఇక్కడ నా బుద్ధి సంగతి చెప్పాలి. సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి, నాకు ఒళ్లంతా పులకరింత! ముప్పై మంది! నా పిల్ల కోసం! అంతటితో ఆగానా? వాళ్లు ఎక్కడెక్కడ భయపడుతున్నారో చెవులు రిక్కించి విన్నాను. అన్న దొరకాలని అడిగినవాళ్లు ఇద్దరే. మిగతా అందరి భయమూ ఆ భోజనం మీద, ఆ గడియ మీద. నేనేమో భోజనం సంగతి అర పేజీలో తేల్చేశాను, గది సంగతి ఏదో రంగు కోసం పెట్టాను! మూడో మలుపు అక్కడుందన్నమాట. అందరూ కళ్లు మూసుకుని ఏడుస్తుంటే నేను కళ్లు తెరిచి ఫోన్‌లో రాసుకున్నాను: అన్న గొంతు గది లోపల్నుంచి వినబడాలి, గడియ పిల్లే తీయాలి.

బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే నడిపించే ఆమె నా భుజం పట్టుకుంది.

“మీ అత్తను జర సూస్కో బిడ్డా. ఆ పిల్లకు అన్న దొరికేదాంక పగటి బువ్వ ముట్టనని మొక్కుకున్నది. వారం అయితున్నది. షుగరున్న మనిషి.”

నేను పగలు ఫ్యాక్టరీలో ఉంటాను, నాకెట్లా తెలుస్తుంది? అని ఇప్పటికీ ఒక్కోసారి నాకు నేనే చెప్పుకుంటాను. కానీ ఆ క్షణం నుంచి తెలుసు కదా. ఇంటికి పోగానే చెప్పేయాలి. చెప్పలేదు. ఇంకా మూడు అధ్యాయాలే ఉన్నాయి. ఆదివారం దాకా గబగబా రాసి చదివేస్తే అన్న దొరుకుతాడు, మొక్కు తీరుతుంది, పుస్తకం కూడా నిలబడుతుంది అని లెక్క వేసుకున్నాను. ఆ సాయంత్రం, శనివారం సాయంత్రం, రెండు రోజులూ ఆమెకు చుక్కలు వేసి, పగలు తినలేదని తెలిసి కూడా, పిల్ల ఆ ఇంటి గుమ్మం ఎక్కడం చదివాను. గది దగ్గరికి రావడం చదివాను. గడియ మీద చెయ్యి వేయడం చదివాను. అంత బాగా నేనెప్పుడూ చదవలేదు.

ఆదివారం చివరి అధ్యాయం రాసేద్దామని ఫ్యాక్టరీకి సెలవు పెట్టాను. ఆరాధన నుంచి వచ్చాక అత్తమ్మ చేతులు కడుక్కుంటూ సింకు పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది. ఒళ్లంతా చెమట. పొద్దున షుగర్ మాత్ర వేసుకుంది, కడుపులో ఏమీ లేదు. చక్కెర నీళ్లు కలిపి తాగించాను. కాసేపటికి తేరుకుని గోడకు ఆనుకుంది. అప్పుడు ఆమె ఎదురుగా నేల మీదే కూలబడ్డాను.

“అత్తమ్మా, ఆ పిల్ల లేదు.”

“ఏమైందే? సచ్చిపోయిందా?” అని లేవబోయింది.

“కాదు. అసలే లేదు. నేను రాసిన. గది నా నవల.”

“అన్న?”

“లేడు.”

“ఆ వాచీ?”

“అదీ నేను పెట్టిందే.”

“మరి నేను బువ్వ ముట్టంది?” అంది.

అక్కడితో ఆపి కాళ్లు పట్టుకోవచ్చు. కానీ ఎందుకో సగం చెప్పి దాచబుద్ధి కాలేదు. “నువ్వు తింటలేవని నాకు శుక్రవారమే తెలిసింది, అత్తమ్మా. రెండ్రోజులు ఆగిన. పుస్తకం కోసం.”

ఆమె నా ముఖం చూడలేదు. “బువ్వ పెట్టు,” అంది. పెట్టాను. పప్పు వేసుకుని కంచం నిండా తిన్నది. చేయి కడుక్కుని, “నాకింక సదువకు,” అని లోపలికి పోయింది.

చుక్కలు ఆ సాయంత్రం నుంచి మా ఆయన చేత వేయించుకుంది. సోమవారం, మంగళవారం, గురువారం దాకా నాతో ఒక్క మాట లేదు. కోప్పడినా బాగుండేది! తిడితే తిరిగి ఏడ్చేదాన్ని. ఇంట్లో రెండే గదులు, ఒకరికొకరం తగలకుండా తిరగడమంటే మాటలా? నేను కాగితాలు ముట్టుకోలేదు. వానలు తగ్గిపోతున్నాయి, ఎడిటర్ గారి గడువు దగ్గరపడింది, పిల్ల గడియ మీద చేయి వేసి అలాగే నిలబడి ఉంది. చివరి అధ్యాయం నా తలలో తయారుగా ఉంది. కాగితం తీస్తే చక్కెర నీళ్ల గ్లాసే గుర్తుకొచ్చేది.

శుక్రవారం పొద్దున అత్తమ్మ గుమ్మంలో నిలబడి, “నువ్వు గూడ రా,” అంది.

నన్ను అందరి ముందు నిలబెట్టి కడిగేస్తుందనుకున్నాను. న్యాయమే కదా, పద అనుకున్నాను. ఇద్దరం ఆటోలో ఉప్పల్ వెళ్లాం. మనవుల సమయం రాగానే అత్తమ్మ లేచింది.

“అందరికి వందనాలు. రెండు వారాల సంది నేనిచ్చిన మనవి ఎనక్కు తీసుకుంటున్న. ఆ పిల్ల లేదు. మా కోడలు రాసిన పుస్తకంల పిల్ల ఆమె.”

గుసగుసలు, మెడలు తిరగడాలు. నేను తల వంచుకున్నాను. పోయినసారి వెక్కి వెక్కి ఏడ్చినామెకు కోపమొచ్చింది. “అంటే మేము ఏడ్సింది ఉత్తదేనా, అక్కా?”

“తొమ్మిది రోజులు పగటి బువ్వ మానేసిన నేను,” అంది అత్తమ్మ. “నాదే ఉత్తగ పోలేదనుకుంటున్న, నీదెట్ల పోతది? అసొంటి పిల్లలు లేరా యాడనన్న? ఆళ్లకు పోయింటది. కూసో.”

ఆమె కూర్చుంది. అత్తమ్మ కూర్చోలేదు. “పోయినసారి రానోళ్లున్నరు గద, ఆళ్లకు జెప్త,” అని నా నవల మొదలుపెట్టింది. మొదటి నుంచి! వాచీ ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టింది. నేను రెండు పేజీలు తీసుకున్న చోట ఒక్క మాటతో దాటింది. నేను దాటేసిన చోట ఆగి, పిల్ల చెప్పులు గుమ్మం బయట విడిచిందని, తొందరలో పారిపోవాల్సి వస్తే ఎట్లా అని నేను రాయనిది కూడా కలిపింది. చాప మీద ఒక్కరు కదల్లేదు. పిల్లను గది దాకా తీసుకుపోయింది, గడియ మీద చేయి వేయించింది, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

అక్కడ ఆపి కూర్చుంది.

“తర్వాత?” అని నాలుగైదు గొంతులు ఒక్కసారి.

“నాకేం తెలుసు? మా కోడలు నాకు సదివి ఇనిపియ్యలే.”

సదువకు అన్నది నువ్వే కదా తల్లీ! ముప్పై మంది నా వైపు తిరిగారు. పుస్తకం తర్వాత అచ్చయింది, అది ముందే చెప్పేస్తున్నాను. ఆ నిమిషంలో మాత్రం నాకు పుస్తకమూ గుర్తులేదు, ఎడిటరూ గుర్తులేడు.

“ఇగ నా కొత్త మనవి,” అంది అత్తమ్మ కూర్చున్న చోటి నుంచే. “ఆ పుస్తకం నా కోపంతోని నడుమల ఆగింది. అది పూర్తిగ ఒడవాలె. అందరు ప్రార్థన జేయుండ్రి.”

ముప్పై గొంతులు లేచాయి. ఎవరేమన్నారో నేను వినలేదు. నా పక్కన ఆమె గొంతు ఒక్కటే వినబడింది, పెద్దగా కాదు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు.

“ప్రభువా, ఇది అబద్ధమాడింది. నాతోని ఆడింది. నేను తింటలేనని తెలిసి గూడ సదివింది. గది నేను, ఇది ఇంట్ల సూస్కుంటం, నువ్వు మధ్యల రాకు. దీని రాత మాత్రం ఆపకు.”

నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆమె కళ్లు తెరవకుండానే నా చేయి వెతికి పట్టుకుంది.